మయోస్టాటిన్ బ్లాకర్ డబ్బా కొన్నాను, ఇది నిజంగా రిసెప్టర్‌ని మూస్తుందా?

కొత్త_డంబెల్ (విజయవాడ)
అన్నలూ, ఒక డౌట్. జిమ్‌లో చేరి ఏడు నెలలైంది. మా ట్రైనర్ అన్న ఒక డబ్బా ఇప్పించాడు, 4,200 రూపాయలు. పైన పెద్ద అక్షరాలతో "మయోస్టాటిన్ బ్లాకర్, ఫాలిస్టాటిన్ సపోర్ట్" అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో "కండర కణాల రిసెప్టర్లను బ్లాక్ చేసి ఎదుగుదలకి ఉన్న హద్దు తీసేస్తుంది" అట. సీల్ ఇంకా తీయలేదు. నాన్నకి తెలిస్తే డబ్బాతో పాటు నన్నూ బయట పెడతాడు. ఇందులో సైన్స్ ఏమైనా ఉందా?

అత్తిలి_ఆవకాయ
హద్దు తీసేసింది నీ పర్సుకి తమ్ముడూ.

కొత్త_డంబెల్
నవ్వండి అన్నా, నవ్వండి. కానీ ఈ మయోస్టాటిన్ అని వెతికితే బాడీబిల్డర్లలా ఉన్న ఎద్దులు, కుక్కల ఫొటోలు వస్తున్నాయి. అవి ఫొటోషాపా?

పాలకేంద్రం_డాక్టర్ (నెల్లూరు జిల్లా)
ఫొటోషాప్ కాదు బాబూ. ఆ ఎద్దుల జాతి పేరు బెల్జియన్ బ్లూ. పశువైద్యంలో ట్రైనింగుకని యూరప్ వెళ్ళినప్పుడు ఒక ఫారంలో దగ్గరగా నిలబడి చూశాను. వెనక తొడల్లో కండకీ కండకీ మధ్య వేలు పట్టేంత గాడి. చర్మం కింద కొవ్వు దాదాపు లేదు. మేత మేస్తూ కాలు మార్చినప్పుడల్లా ఆ కండలు విడివిడిగా కదులుతాయి.

నేను మాత్రం ఎక్కువసేపు చూసింది ఆవుల ఎడమ డొక్కనే. ఒక ఆవుకి అక్కడ మూడు కుట్ల గీతలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. మూడు ఈతలు, మూడు ఆపరేషన్లు. దూడ కడుపులోనే కండ పట్టేస్తుంది, తల్లి కటి ఇరుకు. ఈ జాతిలో దాదాపు అన్ని ఈతలూ సిజేరియన్లే. మా ఊళ్ళో ఒక్క గేదె ఈనలేక ఇబ్బంది పడితే రాత్రంతా జాగారం చేస్తాం. అక్కడ అది మామూలు పని, డాక్టరు అలవాటుగా వచ్చి కోసి వెళ్ళిపోతాడు.

కారణం మీరు వెతికిన జన్యువే. బెల్జియన్ బ్లూలో మయోస్టాటిన్ జన్యువులో 11 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయాయి. ఇటలీ జాతి పీడ్‌మాంటీస్‌లో ఒక్క అక్షరం మారింది, దాంతో ప్రొటీన్‌లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట టైరోసీన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంది. రెండు చోట్లా ఫలితం ఒకటే, పని చేయని మయోస్టాటిన్.

పిపెట్_పట్టిన_చెయ్యి (హైదరాబాద్)
డాక్టర్ గారు మొదలుపెట్టారు కాబట్టి నేనూ దిగుతున్నా. ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇలాంటి డబ్బాల మీద రాతలు చూస్తే బీపీ పెరుగుతుంది.

మయోస్టాటిన్‌ని కండ తనే తయారు చేసుకుంటుంది. విస్తట్లో ఇంకో గరిటె వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ చాలు" అంటాం చూడండి, ఇది కండ తనకి తాను అడ్డం పెట్టుకునే చెయ్యి. 1997లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో సే-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్ ఈ జన్యువు లేని ఎలుకల్ని పుట్టించారు. ఒక్కో కండ మామూలు ఎలుక కండకి రెండు మూడింతలు బరువు తూగింది. ఎద్దుల సంగతి బయటపడిందీ అదే ఏడాది.

ఇక అది పని చేసే తీరు. పుట్టినప్పుడు మయోస్టాటిన్ చేతులు కట్టేసి ఉంటుంది. ప్రొపెప్టైడ్ అనే దాని సొంత ముక్కే దాన్ని చుట్టుకుని ఉంటుంది. కొన్ని ఎంజైములు వచ్చి ఆ కట్టు కోస్తేనే బయటపడుతుంది. అప్పుడు వెళ్ళి కండ కణం పైపొర మీద ఉన్న యాక్టివిన్ టైప్-2బి రిసెప్టర్‌ని (రిసెప్టర్ అంటే బయటి కబురు అందుకునే ప్రొటీన్) పట్టుకుంటుంది. ఆ రిసెప్టర్ పక్కనున్న ఇంకో రిసెప్టర్‌ని (ఆల్క్-4 లేదా ఆల్క్-5) జత చేసుకుంటుంది. లోపల స్మాడ్-2, స్మాడ్-3 అనే ప్రొటీన్లకి ఫాస్ఫేట్ ముద్ర పడుతుంది. అవి స్మాడ్-4ని తోడు తీసుకుని కేంద్రకంలోకి వెళ్ళి కండ పెంచే జన్యువుల నోరు మూయిస్తాయి. కొత్త ప్రొటీన్ తయారీ మందగిస్తుంది. ఇంత తతంగం జరిగితేనే "చాలు" అన్న మాట కణం లోపలికి చేరుతుంది.

కొత్త_డంబెల్
అంటే ఆ రిసెప్టర్‌ని మూసేస్తే చాలు కదా? డబ్బా మీద రాసింది కరెక్టే కదా మరి? ఫాలిస్టాటిన్ రిసెప్టర్‌ని బ్లాక్ చేస్తుంది, అంతేగా?

పిపెట్_పట్టిన_చెయ్యి
సగం మంది తప్పు రాసేది ఇక్కడే. ఫాలిస్టాటిన్ రిసెప్టర్‌ని ముట్టుకోదు!

తాళం, తాళంచెవి అని స్కూల్లో చెప్పిన పోలిక ఇక్కడ పనికిరాదు. కాలింగ్ బెల్ అనుకుందాం. ఇల్లు అంటే కండ కణం. గుమ్మం పక్కన బెల్లు, అది రిసెప్టర్. వచ్చి నొక్కే మనిషి మయోస్టాటిన్. బెల్లు మోగితే ఇంట్లో వాళ్ళు పని ఆపేస్తారు. మోగకుండా ఆపడానికి నాలుగు దారులున్నాయి.

ఒకటి, ఆ మనిషిని వీధి మొదట్లోనే పట్టుకుని చేతులు వెనక్కి విరిచి కట్టడం. ఫాలిస్టాటిన్ చేసేది ఇదే. మయోస్టాటిన్ ఎప్పుడూ రెండు కలిసి జంటగా తిరుగుతుంది. ఆ జంటని రెండు ఫాలిస్టాటిన్లు అటొకటి ఇటొకటి చుట్టేస్తాయి. రిసెప్టర్‌ని పట్టుకోవాల్సిన భాగాలన్నీ లోపల మూసుకుపోతాయి.

రెండు, బెల్లు మీదే టేపు అంటించడం. రిసెప్టర్‌ని బ్లాక్ చేయడం అంటే అసలు ఇదీ. బిమాగ్రుమాబ్ అనే యాంటీబాడీ ఈ రకం. వెళ్ళి రిసెప్టర్ మీదే కూర్చుంటుంది, వచ్చినవాడికి నొక్కే చోటు దొరకదు.

మూడు, నాకు బాగా నచ్చిన తెలివి. వీధిలో కరెంటు స్తంభాలకి, చెట్లకి, ప్రహరీలకి ఉత్తుత్తి బెల్లులు వందలకొద్దీ బిగించడం. వచ్చినవాడు కనబడ్డ బెల్లల్లా నొక్కుకుంటూ అక్కడే ఉండిపోతాడు. రిసెప్టర్‌లో కణం బయట ఉండే భాగాన్ని మాత్రమే కోసి, యాంటీబాడీ తోకకి అతికించి, రక్తంలో వదులుతారు. మోసపు రిసెప్టర్ అన్నమాట. 2005లో ఎలుకలకి ఇలాంటిది ఎక్కిస్తే రెండు వారాల్లో కండ 60 శాతం దాకా పెరిగింది.

నాలుగు, చేతుల కట్టు అసలు విప్పనివ్వకపోవడం. దాని గురించి తర్వాత.

అత్తిలి_ఆవకాయ
మా అపార్టుమెంట్‌లో చందాలకి వచ్చేవాళ్ళ కోసం ఈ మూడో పద్ధతి ఇవాళే పెట్టిస్తా.

పాలకేంద్రం_డాక్టర్
ఫాలిస్టాటిన్ పేరు ఎక్కడిదో చెప్తే సరదాగా ఉంటుంది. దాన్ని వెతికింది కండలో కాదు. 1987లో అండాశయం ఫాలికిల్‌లోని ద్రవంలో దొరికింది. ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ని తగ్గిస్తోందని ఆ పేరు పెట్టారు. ఎఫ్‌ఎస్‌హెచ్‌ని పెంచే యాక్టివిన్ అనే ప్రొటీన్‌ని అది పట్టి కట్టేస్తుంది, యాక్టివిన్ లేక ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతుంది. కండ సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఫిట్_భీమవరం
ఇన్ని థియరీలు ఎందుకు? ఫాలిస్టాటిన్-344 ఇంజెక్షన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నేను వాడాను, 10 రోజుల్లో 3 కిలోలు పెరిగాను. కావాల్సినవాళ్ళు ఈ నంబరుకి మెసేజ్ పెట్టండి — [తొలగించబడింది]

మోడరేటర్
నంబరు తీసేశాం. ఇక్కడ అమ్మకాలు కుదరవు. ఇంకోసారి పెడితే ఖాతా పోతుంది.

పిపెట్_పట్టిన_చెయ్యి
భీమవరం గారూ, 10 రోజుల్లో వచ్చిన 3 కిలోలు కండ కాదు, నీళ్ళు. ఆ సీసాలో అసలు ఫాలిస్టాటిన్ ఉందో, ఉప్పునీళ్ళే ఉన్నాయో మీకూ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. "పరిశోధనకి మాత్రమే" అని లేబుల్ వేసి అమ్మేవి ఇవి.

344 అంటే డోసు కాదు, మొదట తయారయ్యే ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల లెక్క. ఆ పేరుతో నిజంగా జరిగింది ఒక జన్యు చికిత్స. బెకర్ కండర క్షీణత ఉన్న ఆరుగురికి, ఫాలిస్టాటిన్ జన్యువుని నిరపాయమైన వైరస్‌లో పెట్టి తొడ కండలోకి సూదులతో పంపారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరు ఇంతకుముందు కంటే ఎక్కువ దూరం నడిచారు. ఆరుగురే కాబట్టి అంతకు మించి చెప్పలేం. ఆన్‌లైన్ సీసాకీ దానికీ పేరు తప్ప ఇంకే సంబంధమూ లేదు.

కొత్త_డంబెల్
మరి నా డబ్బా పౌడర్? నోట్లో వేసుకునేదే.

పిపెట్_పట్టిన_చెయ్యి
తమ్ముడూ, ఫాలిస్టాటిన్ పెద్ద ప్రొటీన్. మినప గారె తిన్నా, ఫాలిస్టాటిన్ తిన్నా నీ కడుపుకి ఒకటే. ముక్కలు ముక్కలు చేసి అమైనో ఆమ్లాలుగా లోపలికి పంపుతుంది. గారె రుచిగానైనా ఉంటుంది.

2000ల మొదట్లో సముద్రపు నాచు సారంతో ఇలాంటి మయోస్టాటిన్ బ్లాకర్లే అమెరికాలో అమ్మారు. జిమ్ చేసేవాళ్ళకి దాన్ని ఇచ్చి, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే తేడా ఏమీ కనబడలేదు. నీ డబ్బా వెనక పదార్థాల జాబితా టైప్ చేసి పెట్టు.

కొత్త_డంబెల్
"ప్రొప్రయిటరీ బ్లెండ్ 2.5 గ్రాములు" అని ఉంది. లూసిన్, గ్రీన్ టీ సారం, ఏదో ఆకు పేరు. ఏది ఎంతో రాయలేదు. ఫాలిస్టాటిన్ అన్న మాట జాబితాలో ఎక్కడా లేదు!

అత్తిలి_ఆవకాయ
మైసూర్ పాక్‌లో మైసూర్ ఉంటుందా ఏంటి.

వీల్‌చెయిర్_అమ్మ (కరీంనగర్)
నమస్తే. జిమ్ సంగతులు నాకు తెలీవు. మా బాబుకి 11 ఏళ్ళు, డూషెన్ కండర క్షీణత. పోయిన ఏడాది నుంచి వీల్‌చెయిర్. మయోస్టాటిన్‌ని ఆపే ఇంజెక్షన్ వచ్చిందని, కండరాల జబ్బు పిల్లలకి పని చేసిందని మా తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదు. అది మా బాబుకి పనికొస్తుందా? ఉన్నదున్నట్టు చెప్పండి, ఏమీ అనుకోను.

డల్లాస్_రాత్రిడ్యూటీ
అమ్మా, నేను హాస్పిటల్ ఫార్మసిస్ట్‌ని. మాది తెనాలి, ఇప్పుడు ఉండేది టెక్సాస్‌లో. మీరు అడిగినట్టే ఉన్నదున్నట్టు రాస్తాను.

మీ తమ్ముడు గారు పంపింది అపిటెగ్రోమాబ్ గురించి అయ్యుంటుంది. అది డూషెన్‌కి కాదు, స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే వేరే జబ్బుకి. అందులో దెబ్బ తగిలేది వెన్నుపాములోని నరాలకి. 2024 అక్టోబరులో దాని పెద్ద ట్రయల్ ఫలితాలు బాగా వచ్చాయి. పై పోస్టులో చెప్పకుండా వదిలేసిన నాలుగో దారి ఇదే. మయోస్టాటిన్ కట్టు విప్పుకోకముందే పట్టుకుని విప్పనివ్వదు.

డూషెన్‌లో మయోస్టాటిన్‌ని ఆపాలని చాలా ప్రయత్నాలు జరిగాయి. మోసపు రిసెప్టర్ రకం మందు ఒకటి, ఏస్-031, పిల్లల మీద ట్రయల్ మొదలైంది. కొందరికి ముక్కు నుంచి, చిగుళ్ళ నుంచి రక్తం కారింది, చర్మం మీద సన్నటి రక్తనాళాలు ఉబ్బాయి. 2011లో ఆపేశారు. తర్వాత డొమాగ్రోజుమాబ్ అనే యాంటీబాడీ. అదీ మెట్లెక్కే వేగంలో తేడా చూపించలేకపోయింది. 2018లో అదీ ఆగింది.

ఎందుకంటే డూషెన్‌లో లేనిది డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్. అది లేక కండ పొర ప్రతి కదలికకీ చిరుగుతుంది. కుండకి చిల్లు ఉండగా నీళ్ళు ఎక్కువ పోస్తే ఏం లాభం? పైగా ఈ పిల్లల రక్తంలో మయోస్టాటిన్ ముందే తక్కువ ఉంటుంది, ఆపడానికి పెద్దగా మిగిలి ఉండదు. ఎలుకల్లో అది మనుషుల కంటే చాలా ఎక్కువ. అందుకే ఎలుకల్లో కనబడ్డ అద్భుతం మనదాకా రాలేదు.

బాబు స్టెరాయిడ్ మీద ఉన్నాడా? గుండె ఎకో ఎప్పుడు తీయించారు?

వీల్‌చెయిర్_అమ్మ
డెఫ్లజాకార్ట్ వాడుతున్నాం బాబూ. ఎకో జనవరిలో తీశారు, పరవాలేదన్నారు. వచ్చే నెల మళ్ళీ చూపించాలి. మీరు వేరే జబ్బు అని చెప్పాక ఏడుపు వచ్చింది గానీ మనసు కొంచెం కుదుటపడింది. ఈ నాలుగు రోజులూ ఆ మందు ఎక్కడ దొరుకుతుందని అందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన 18 లక్షలకి తెప్పిస్తానన్నాడు.

డల్లాస్_రాత్రిడ్యూటీ
ఆయనకి రూపాయి కూడా ఇవ్వకండమ్మా. ఆ వాట్సాప్ మెసేజ్ మీ న్యూరాలజిస్టుకి చూపించండి, ఇంకెవరికీ కాదు. శ్వాస పరీక్ష కూడా ఎకోతో పాటే చేయించమని అడగండి. వీల్‌చెయిర్ మొదలయ్యాక అది ముఖ్యం.

పాలకేంద్రం_డాక్టర్
రక్తం కారడం ఎందుకో చెప్పగలరా పిపెట్ గారూ? కండ మందుకీ ముక్కుకీ సంబంధం ఏంటి?

పిపెట్_పట్టిన_చెయ్యి
మంచి ప్రశ్న. నాకు ఈ మొత్తం కథలో అసలు విషయం ఇదే.

ఆ బెల్లు మయోస్టాటిన్ ఒక్కడి కోసం పెట్టింది కాదు. దాని చుట్టాల్లాంటి వేరే ప్రొటీన్లూ అదే బెల్లుని నొక్కుతాయి: యాక్టివిన్లు, జీడీఎఫ్-11, బీఎంపీ-9, బీఎంపీ-10. ఈ చివరి రెండూ రక్తనాళాల గోడల్ని సరిగ్గా ఉంచేవి. వీధంతా ఉత్తుత్తి బెల్లులు బిగిస్తే మయోస్టాటిన్‌తో పాటు ఇవీ చిక్కుకుపోతాయి. నాళాల దగ్గరికి చేరాల్సిన కబురు చేరదు. చిన్న నాళాలు ఉబ్బుతాయి, ముక్కు నుంచి రక్తం వస్తుంది. చందాల వాడిని ఆపబోయి పాలవాడినీ, గ్యాస్ వాడినీ ఆపేసినట్టు.

అందుకే ఏ దారిలో ఆపుతున్నాం అన్నది చిన్న తేడా కాదు. మయోస్టాటిన్ ఒక్కదాన్నే పడితే ప్రమాదం తక్కువ, కానీ మనుషుల్లో లాభమూ తక్కువే, ఎందుకంటే మన కండని అదుపులో పెట్టడంలో యాక్టివిన్-ఎ వాటా కూడా పెద్దదే. రిసెప్టర్‌నే మూస్తే కండ బాగా పెరుగుతుంది, కానీ మిగతా కబుర్లూ ఆగుతాయి. డాక్టర్ గారు చెప్పిన ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గడం లాంటివి ఇక్కడే వస్తాయి.

తమాషా ఏంటంటే, ఆ గందరగోళమే వేరే జబ్బులకి మందు అయింది. మోసపు రిసెప్టర్‌ని కొంచెం మార్చి లస్పాటర్సెప్ట్ చేశారు. 2019 నవంబరులో బీటా తలసేమియా రక్తహీనతకి అమెరికాలో అనుమతి వచ్చింది. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు మన దగ్గరా ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, కానీ అది పెద్దవాళ్ళకి ఇచ్చిన అనుమతి. ఇంకో రకం, సొటాటర్సెప్ట్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగే జబ్బుకి 2024 మార్చిలో వచ్చింది. కండ కోసం ప్రయత్నించిన దారి రక్తానికీ ఊపిరితిత్తులకీ తేలింది.

డల్లాస్_రాత్రిడ్యూటీ
ఈ మధ్య ఇక్కడ అందరూ మాట్లాడుతున్నది బిమాగ్రుమాబ్ గురించే, అదీ కండరాల జబ్బుకి కాదు, లావు తగ్గడానికి. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లతో బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతోంది. 2025 జూన్‌లో ఒక ట్రయల్ ఫలితాలు చెప్పారు. రెండూ కలిపి ఇస్తే 72 వారాల్లో 22.1 శాతం బరువు తగ్గారు, తగ్గినదాంట్లో 92.8 శాతం కొవ్వే. సెమాగ్లుటైడ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళకి అది 71.8 శాతం. ఊరికే రాలేదు లెండి, కండరాలు నొప్పిగా బిగుసుకుపోవడం, మొటిమలు, విరేచనాలు ఉన్నాయి. ఇదే బిమాగ్రుమాబ్ 2016లో ఒక కండర జబ్బులో ఫెయిలైంది.

కొత్త_డంబెల్
మనుషుల్లో పుట్టుకతోనే మయోస్టాటిన్ లేనివాళ్ళు ఉంటారా?

పిపెట్_పట్టిన_చెయ్యి
2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. బెర్లిన్‌లో పుట్టిన ఒక బాబు. పుట్టిన రోజే తొడలు, చేతులు కండపట్టి ఉన్నాయి. నాలుగున్నర ఏళ్ళకి రెండు చేతుల్లో చెరో 3 కిలోల డంబెల్ పట్టుకుని చేతులు చాచి నిలబడ్డాడు. వాళ్ళ అమ్మ ఒకప్పుడు పోటీల్లో పరిగెత్తిన స్ప్రింటర్, ఆమెకి ఒక కాపీ పాడైంది, బాబుకి రెండూ. విప్పెట్ జాతి రేసు కుక్కల్లో కూడా ఇలాగే. ఒక కాపీ పాడైనవి రేసుల్లో దూసుకెళ్తాయి, రెండూ పాడైనవి ఎద్దుల్లా తయారై రేసుకే పనికిరావు.

కండ పెరిగినంత బలం పెరుగుతుందనుకోకు. మయోస్టాటిన్ లేని ఎలుకల్లో స్నాయువులు (కండని ఎముకకి కట్టే తాళ్ళలాంటివి) చిన్నగా, పెళుసుగా ఉన్నాయని తేలింది. 2019 డిసెంబరులో ఇలాంటి ఎలుకల్ని అంతరిక్ష కేంద్రానికి కూడా పంపారు. అక్కడ మామూలు ఎలుకల కండ కరిగింది, వీటిది నిలిచింది.

పాలకేంద్రం_డాక్టర్
మన దేశంలోనూ మొదలైంది. కాశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు మయోస్టాటిన్ జన్యువుని ఎడిట్ చేసిన గొర్రెపిల్లని 2025లో ప్రకటించారు. జపాన్‌లో అయితే 2021 నుంచే ఇలాంటి సీ బ్రీమ్ చేపని అమ్ముతున్నారు. మా నెల్లూరు గొర్రెల పెంపకందార్లు ఇప్పుడే ఫోన్లు చేసి "మనకెప్పుడు డాక్టర్ గారూ" అంటున్నారు. నాకు ఆ మూడు కుట్ల గీతలే గుర్తొస్తున్నాయి. మన గొర్రెలు పొలం గట్టు మీద, కాపరి కళ్ళ ముందు ఈనేస్తాయి. అక్కడికి కత్తి పట్టుకుని ఎవరొస్తారు?

వీల్‌చెయిర్_అమ్మ
18 లక్షలాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఏ జబ్బుకి మందు అని అడిగాను. "అన్ని కండరాల జబ్బులకీ" అన్నాడు. పెట్టేశాను.

డల్లాస్_రాత్రిడ్యూటీ
మంచి పని చేశారమ్మా. ఎకో అయ్యాక వీలైతే ఇక్కడ ఒక మాట రాయండి.

కొత్త_డంబెల్
అప్‌డేట్. సీల్ తీయలేదు కాబట్టి షాపుకి తీసుకెళ్ళా. డబ్బులు తిరిగి ఇవ్వనన్నాడు. "రిసెప్టర్ బ్లాక్ అంటే ఏది, ఫాలిస్టాటిన్ ఏది, జాబితాలో చూపించు" అని నాలుగుసార్లు అడిగా. వెనక కస్టమర్లు వినడం మొదలెట్టాక క్రియాటిన్ ఒకటి, వే ప్రొటీన్ ఒక కిలో, షేకర్ ఒకటి ఇచ్చి పంపాడు. ట్రైనర్ అన్న నిన్నటి నుంచి మాట్లాడట్లేదు. మయోస్టాటిన్‌ని ఆపే ఇంజెక్షన్లు క్రీడల నిషేధ జాబితాలో ఉన్నాయని ఎక్కడో చదివా, నిజమేనా?

పిపెట్_పట్టిన_చెయ్యి
నిజమే. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ జాబితాలో ఎస్-4 విభాగంలో ఉన్నాయి. మయోస్టాటిన్‌ని కట్టేసేవీ, రిసెప్టర్‌ని మూసేవీ, మోసపు రిసెప్టర్లూ, అన్నీ. నీ పాత డబ్బాకి మాత్రం ఆ భయం అక్కర్లేదు.

అత్తిలి_ఆవకాయ
షేకర్ మంచిదే తమ్ముడూ, మజ్జిగ బాగా చిలుకుతుంది.